ముక్కులు పోలితే మూలాలు కలుస్తాయా?

జీవపరిణామం ప్రసక్తి రాగానే సభల్లోనూ, టీవీ చర్చల్లోనూ, బాగా చదువుకున్నవాళ్ళ నోటా ఒక వాదం తరచుగా వినిపిస్తుంది. ఏ సంబంధమూ లేని రెండు ప్రాణుల్లో అచ్చంగా ఒకేలాంటి అవయవం ఉంటే, అది దానంతట అది రెండుసార్లు పుట్టడం జరగని పని అనీ, ఒకే శిల్పి ఒకే నమూనాను రెండుచోట్ల వాడి ఉండాలనీ ఆ వాదం సారాంశం. దానికి తోడు ఇంకో ప్రశ్న వేస్తారు: పూర్తిగా తయారైన అవయవం పనికొస్తుంది సరే, సగం తయారైనది దేనికి పనికొస్తుంది? ఈ రెండూ కలిపి అడిగితే డార్విన్ పక్షాన మాట్లాడేవాళ్ళకు ఇక జవాబు ఉండదని చాలామంది నమ్మకం.

ఆ నమ్మకం తప్పని చెప్పడానికే ఈ వ్యాసం. దేవుడున్నాడా లేడా అన్న చర్చ ఇక్కడ అనవసరం. ఎవరి విశ్వాసం వాళ్ళది. కానీ ప్రాణుల శరీరాల్ని సాక్ష్యంగా పిలిచినప్పుడు ఆ సాక్ష్యాన్ని పూర్తిగా వినాలి. నాలుగు మాటలు విని తీర్పు చెప్పేయడం న్యాయం కాదు. అందుకే ఆ వాదానికి ఎక్కువ బలం ఇచ్చే ఉదాహరణనే ఎంచుకుంటున్నాను. ఒకవైపు రాబందు, రెండోవైపు సముద్రంలో రాళ్ళకూ నాచుకూ అంటుకుని బతికే బ్రయోజోవా అనే చిన్న ప్రాణి. ఈ రెండింటికీ ఒకేలాంటి ముక్కు ఉంది.

రాబందు ముక్కు గురించి మనకు ఎవరూ చెప్పనక్కర్లేదు. ఆసిఫాబాద్ జిల్లా బెజ్జూరు అడవుల్లో, పాలరాపు గుట్ట కొండచరియల్లో పొడుగుముక్కు రాబందులు గూళ్ళు కట్టుకున్న సంగతి పత్రికలు చదివేవాళ్ళకు తెలుసు. కొన వంగిన బలమైన పైముక్కు, దాని కింద ఒదిగే కిందిముక్కు. చచ్చిన పశువు తోలును చీల్చి లోపలి మాంసం లాగడానికి కావలసిన పనిముట్టు అది.

బ్రయోజోవా అలా పరిచయమైన ప్రాణి కాదు. తీరంలో కొట్టుకొచ్చిన నాచు ఆకు మీద తెల్లటి జాలీలా పరుచుకున్న పొర కనిపిస్తే అది బ్రయోజోవా కావచ్చు. ఓడల అడుగుభాగానికీ జెట్టీ స్తంభాలకూ పట్టే చిన్నచిన్న గోధుమరంగు పొదల్లో కూడా ఇవి ఉంటాయి. చూడటానికి మొక్కలా ఉన్నా అది జంతువే. నిజానికి ఒక జంతువు కాదు, వందలూ వేలూ జంతువుల సహనివేశం. ఒక్కో జీవి, అంటే ఒక్కో జూయిడ్, సాధారణంగా మిల్లీమీటరు కంటే చిన్నది. దానికి తనదైన గది, ఆ గదికి చాలా జాతుల్లో ఒక మూత. ఆకలేసినప్పుడు మూత తెరిచి స్పర్శకాల కిరీటాన్ని బయటికి చాపి నీళ్ళలోని ఆహారాన్ని పట్టుకుంటుంది. ప్రమాదం తగిలితే లోపలికి ముడుచుకుని మూత వేసుకుంటుంది. నీళ్ళలో ఈదుకుంటూ వచ్చిన ఒక్క డింభకం ఎక్కడో అతుక్కుని మొదటి జూయిడ్‌గా మారుతుంది. మిగతావన్నీ దాన్నుంచి మొగ్గ తొడిగి పుట్టుకొచ్చినవే.

కొన్ని బ్రయోజోవాల్లో ఈ గదుల పక్కన, పొట్టి కాడల మీద, పక్షి తలల్లాంటివి ఉంటాయి. వీటి పేరు అవిక్యులేరియం. సూక్ష్మదర్శినిలో చూస్తే గుండ్రటి తల, వంగిన పైముక్కు, తెరుచుకుని మూసుకునే కిందిముక్కు. తల ముందుకీ వెనక్కీ ఊగుతుంటుంది, ముక్కు టక్కున మూసుకుంటుంది. సహనివేశం మీద పాకే చిన్నచిన్న క్రిములూ రొయ్యజాతి జీవులూ ఆ ముక్కుకు చిక్కుతాయి. బీగిల్ అనే ఓడలో చేసిన యాత్రలో డార్విన్ వీటిని శ్రద్ధగా గమనించి, రాబందు తలతో పోల్చాడు. ముక్కు మధ్య సూది మొన పెడితే అది ఎంత గట్టిగా పట్టుకుంటుందంటే సూదితో మొత్తం కొమ్మనే ఊపవచ్చని రాసుకున్నాడు.

ఈ పోలికను ఆయుధంగా మలిచినవాడు సెయింట్ జార్జ్ మివార్ట్ అనే ఆంగ్ల ప్రాణిశాస్త్రవేత్త. 1871లో వెలువడిన తన పుస్తకంలో ఆయన ప్రకృతి వరణం మీద వరుసగా అభ్యంతరాలు లేవనెత్తాడు. సగం తయారైన అవయవం వల్ల లాభమేమిటన్నది వాటిలో ముఖ్యమైనది. దూరపు వంశాల్లో దగ్గరి పోలికలు ఎలా వచ్చాయన్నది ఇంకొకటి. బ్రయోజోవాల ఈ పక్షితలల్ని కూడా ఆయన సాక్ష్యంగా తెచ్చాడు. మివార్ట్ ఆషామాషీ విమర్శకుడు కాదు, శరీరనిర్మాణం బాగా తెలిసినవాడు. అందుకే డార్విన్ 1872లో తన 'జాతుల ఉత్పత్తి' గ్రంథం ఆరో ముద్రణకు ఒక అధ్యాయమే కొత్తగా చేర్చి ఆయనకు జవాబిచ్చాడు. ఇక్కడ ఒక సంగతి గుర్తుంచుకోవాలి. జాతులు మారతాయనీ ఒకదాన్నుంచి ఇంకొకటి వస్తాయనీ మివార్ట్ ఒప్పుకున్నాడు. ఆ మార్పుకు ప్రకృతి వరణం ఒక్కటే చాలదన్నదే ఆయన పట్టు. ఇవాళ ఆయన ప్రశ్నల్ని అరువు తెచ్చుకుని అసలు పరిణామమే జరగలేదనేవాళ్ళు, ఆ ప్రశ్నలు వేసినవాడు ఆగిన చోటు దాటి చాలా దూరం వెళ్తున్నారు.

సరే, రెండు ముక్కుల్నీ విప్పి చూద్దాం.

రాబందు ముక్కులో ఉన్నది ఎముక. పైదవడ ఎముక, కిందిదవడ ఎముక, వాటి మీద కెరటిన్ తొడుగు. మన గోళ్ళలో ఉండేదీ ఆ కోవకు చెందిన పదార్థమే. ఆ తొడుగు అరుగుతూ ఉంటుంది, మళ్ళీ పెరుగుతూ ఉంటుంది. కోడి ముక్కు, చిలక ముక్కు, కొంగ ముక్కు, పిచ్చుక ముక్కు తీసుకోండి. ఆకారాలు వేరైనా అవే ఎముకలు, అదే తొడుగు. ముక్కు వెనక నోరుంది, నాలుకుంది, గొంతుంది, కడుపుంది. ఆ తలలో కళ్ళున్నాయి, మెదడుంది.

అవిక్యులేరియంలో ఎముక లేదు. కన్ను లేదు, నాలుక లేదు, మెదడు లేదు. ఆ ముక్కు ఏం పట్టుకున్నా మింగలేదు, ఎందుకంటే దానికి పనిచేసే ఆహారనాళమే లేదు. పక్కనున్న జూయిడ్లు తిన్న ఆహారం నుంచి కణజాలం ద్వారా అందే పోషణతోనే అది బతుకుతుంది. అసలు అది ఒక జీవి తల కానేకాదు. అది మొత్తంగా ఒక జీవి. తిండి తినే పని వదిలి కాపలా పనికి మారిపోయిన ఒక జూయిడ్. దాని కిందిముక్కు అంటున్నది పక్క గదులకున్న మూతే. ఆ మూత పెద్దదై, గట్టిపడి, దాన్ని లాగే కండరాలు బలిసి, ఈ రూపం వచ్చింది. మూతే కిందిముక్కుగా మారిందని బ్రయోజోవాల్ని అధ్యయనం చేసిన జార్జ్ బస్క్ డార్విన్ కాలంలోనే చెప్పాడు. తర్వాత జరిగిన పరిశీలనలు ఆ మాటనే బలపరిచాయి. కొన్ని జాతుల్లో అవిక్యులేరియం మామూలు జూయిడ్ల వరుసలోనే, ఒక జూయిడ్ ఉండవలసిన చోటనే, దానికి బదులుగా కూర్చుని ఉంటుంది. ఎవరి స్థానంలో ఎవరు వచ్చారో చెప్పడానికి ఇంతకన్నా ఏం కావాలి?

ఇప్పుడు శిల్పి వాదాన్ని దీని ముందు నిలబెట్టండి. ఒకే నమూనాను రెండుచోట్ల వాడారంటే లోపల కూడా ఏదో ఒకటి కలవాలి. ఇక్కడ పైకి కనిపించే గీత తప్ప ఏదీ కలవడం లేదు. ఒకటి దవడ, ఇంకొకటి తలుపు. ఒకటి ఒక శరీరంలో భాగం, ఇంకొకటి తానే ఒక శరీరం. ఒకటి తినడానికి, ఇంకొకటి తరమడానికి. రాబందు ముక్కు దగ్గరి బంధువులు కోడిలోనూ చిలకలోనూ దొరుకుతాయి. అవిక్యులేరియం దగ్గరి బంధువు దాని పక్క గదిలో ఉంటుంది. ఒక్కో అవయవం తన వంశం ఆస్తితోనే తయారైంది, పొరుగు వంశం నుంచి దేన్నీ తెచ్చుకోలేదు. వంశపరంపర సిద్ధాంతం చెప్పేది సరిగ్గా ఇదే. దీన్ని మన పిల్లలు బడిలో క్రియాసామ్య అవయవాలు (పైకి పోలికే, మూలం వేరు), నిర్మాణసామ్య అవయవాలు (మూలం ఒకటే) అనే పేర్లతో చదువుకుంటారు. పరీక్షలో రెండు మార్కులకు రాసి మరిచిపోయే ఆ తేడాలోనే ఈ వాదానికి సగం జవాబుంది.

మిగతా సగం, సగం ముక్కు సంగతి. సగం ముక్కు దేనికీ పనికిరాదని అనేవాళ్ళు ఒక విషయం పట్టించుకోరు. సగం ముక్కులు నిజంగానే ఉన్నాయి, ఈ రెండు వంశాల్లోనూ ఉన్నాయి.

1872లో డార్విన్ జవాబు రాసేనాటికి మామూలు జూయిడ్‌కూ అవిక్యులేరియానికీ మధ్య మెట్లు ఏవీ బతికున్న జాతుల్లో తనకు తెలియవని బస్క్ చెప్పాడు. డార్విన్ ఆ మాటను దాచలేదు. తన వాదానికి అడ్డొచ్చే ఆ సంగతిని అదే అధ్యాయంలో అచ్చువేశాడు. ఆ మెట్లు తర్వాత దొరికాయి. స్టెజినోపోరెల్లా అనే బ్రయోజోవాలో రెండు రకాల జూయిడ్లు ఉంటాయి. రెండో రకానికి మూత చాలా పెద్దది, బలమైనది. అయినా అది స్పర్శకాలు చాపి తన తిండి తానే తింటుంది. ఒకేసారి తినేదీ అదే, పెద్ద తలుపు వేసేదీ అదే. దీనికన్నా ముఖ్యమైన సాక్ష్యం శిలాజాల్లో ఉంది. సుమారు 10 కోట్ల ఏళ్ళ కిందట, క్రెటేషియస్ యుగం మధ్యకాలంలో, విల్బర్టోపోరా అనే బ్రయోజోవా బతికింది. దాని శిలాజాలు అమెరికాలోని టెక్సాస్ రాళ్ళలో పుష్కలంగా దొరికాయి. వాటిలో కొన్ని అవిక్యులేరియాలు పక్కనున్న మామూలు జూయిడ్లకు ఎంత దగ్గరగా ఉన్నాయంటే, జాగ్రత్తగా కొలిస్తే తప్ప తేడా తెలియదు. మరికొన్నింటిలో ఆ తేడా స్పష్టంగా పెరిగింది.

బతికున్న జాతుల్లోనూ రకరకాల రూపాలున్నాయి. డార్విన్ బీగిల్ యాత్రలోనే వీటిని చూశాడు. కొన్నింటిలో తల మెడ మీద తిరుగుతుంది. ఇంకొకదానిలో తల కదలదు, కిందిముక్కు మాత్రమే కదులుతుంది. మరొకదానిలో తలే లేదు, మూడు మూలల గూడు లాంటిది, దానికి చక్కగా అమరిన ఒక తలుపు. ఇంకొన్ని జాతుల్లో ఆ కిందిముక్కు సాగి పొడవాటి ముల్లుగా మారి, సహనివేశం మీద పడే మట్టినీ క్రిముల్నీ ఊడ్చేస్తుంది. బుగులా నెరిటినా అని ప్రపంచమంతా ఓడలతో పాటు తిరిగే బ్రయోజోవా ఒకటుంది. దాని దగ్గరి చుట్టాలకు పక్షితలలున్నా దీనికి ఒక్కటీ లేదు. లేకుండానే రేవు రేవునా వర్ధిల్లుతోంది. మూత ఉన్నా బతుకుతుంది, కాస్త పెద్ద మూత ఉన్నా బతుకుతుంది, ముక్కు ఉన్నా బతుకుతుంది, ఏదీ లేకపోయినా బతికే దారి ఉంది. ఇక సగానికి చోటు లేదన్న మాటకు అర్థమేముంది?

పక్షుల వైపు చూద్దాం. జర్మనీలో దొరికిన ఆర్కియాప్టెరిక్స్ దాదాపు 15 కోట్ల ఏళ్ళ నాటిది. దానికి రెక్కలున్నాయి, ఈకలున్నాయి, దవడల నిండా పళ్ళున్నాయి. ఆ తర్వాత కోట్ల ఏళ్ళకు, ఇప్పటి కాన్సాస్ ప్రాంతం సముద్రంగా ఉన్నప్పుడు, ఇక్తియోర్నిస్ అనే పక్షి ఆ నీళ్ళ మీద ఎగిరింది. అమెరికన్ శాస్త్రవేత్త మార్ష్ దానికి పేరు పెట్టింది 1872లో, డార్విన్ ఆరో ముద్రణ వెలువడిన ఏడాదే. 2018లో దాని పుర్రెను ఆధునిక స్కానింగుతో పరిశీలించినప్పుడు బయటపడింది ఇది: దవడల కొనలో పళ్ళు లేవు, అక్కడ ముక్కు తొడుగు ఉంది. వెనక భాగంలో మాత్రం పళ్ళు అలాగే ఉన్నాయి. కొన ముక్కు, వెనక పళ్ళు. ఇంతకన్నా అక్షరాలా సగం ముక్కు ఎక్కడుంటుంది? ఆ సగం ముక్కుతోనే అది చేపలు పట్టి బతికింది, సంతానాన్ని మిగిల్చింది.

కాలం లెక్క కూడా గమనించండి. విల్బర్టోపోరా రాళ్ళలో ముద్ర వేసేనాటికి భూమి మీద రాబందులు లేవు. ఆ వంశం రాక్షసబల్లులు అంతరించాకే వచ్చింది. అంటే రాబందు ముక్కు ఈ లోకంలోకి రాకముందే కోట్ల ఏళ్ళ పాటు సముద్రంలో అవిక్యులేరియాలు ఉన్నాయి. రెండు చరిత్రలూ విడివిడిగా నడిచాయి.

మరి ఇంత దూరపు చరిత్రలు ఒకే ఆకారానికి ఎలా చేరాయి? యాదృచ్ఛికంగా రెండుసార్లు జరగడం అసాధ్యమన్న మాట ఇక్కడే పప్పులో కాలేస్తుంది. ప్రకృతి వరణం యాదృచ్ఛికం కాదు. పుట్టే మార్పులు యాదృచ్ఛికం, వాటిలో ఏవి మిగులుతాయన్నది యాదృచ్ఛికం కాదు. జారిపోయేదాన్ని పట్టుకోవాలంటే రెండు పలకలు కావాలి, వాటిలో ఒకటి కీలు మీద కదలాలి, కొన వంగి ఉంటే పట్టు జారదు. ఇది లోకంలో ఎక్కడైనా ఒకటే. బలం, పట్టు, జారుడు అన్నవి ఎముకకూ వర్తిస్తాయి, సముద్రప్రాణి గట్టి పొరకూ వర్తిస్తాయి. మెరుగ్గా పట్టుకోగలిగిన రూపం ఎక్కువ సంతానాన్ని మిగులుస్తుంది, వేల తరాల తర్వాత ఆ వంశం ఆ రూపానికి దగ్గరవుతుంది. డార్విన్ దీనికి పీత వంశాన్ని ఉదాహరణగా చూపించాడు. ఆ వంశంలో కొన్నింటి కాలి చివరి ముక్క వెనక ముక్క అంచు మీదకు మడతపడుతుంది, అంతే. కొన్నింటిలో ఆ అంచు మూల కాస్త ముందుకు వచ్చింది. ఇంకొన్నింటిలో ఆ మూల పెరిగి రెండో పలక అయింది, అప్పుడది పూర్తి పట్టకారు. మూడు మెట్లూ బతికున్న జీవుల్లోనే కనిపిస్తాయి, మూడూ పనిచేస్తున్నాయి.

ఇంత చెప్పినా ఒక ఆఖరి సమాధానం వస్తుంది: శిల్పి తలచుకుంటే ఒకే ఆకారాన్ని వేర్వేరు పదార్థాలతో చేయలేడా? చేయగలడు. అలా అంటే ఇక ఏ సాక్ష్యం వచ్చినా ఆ వాదం చెక్కుచెదరదు. లోపల కలిసినా శిల్పి పనే, కలవకపోయినా శిల్పి పనే. మెట్లు దొరికినా ఆయన ఇష్టమే, దొరక్కపోయినా ఆయన ఇష్టమే. ఏది జరిగినా సరిపోయే వాదం ఏమి జరుగుతుందో ముందుగా చెప్పలేదు. వంశపరంపర సిద్ధాంతం చెప్పగలదు. పైకి కనిపించే పోలికను కాక లోపలి చుట్టరికాన్ని నమ్ముకుంటే ఏమి తెలుస్తుందో మన రాబందులే ప్రాణాలతో చెల్లించి చూపించాయి.

1990ల నుంచి భారత ఉపఖండంలో జిప్స్ అనే ప్రజాతికి చెందిన రాబందులు నూటికి తొంభై అయిదుకు పైగా తుడిచిపెట్టుకుపోయాయి. పశువులకు నొప్పి తగ్గడానికి ఇచ్చే డైక్లోఫెనాక్ మందు, ఆ పశువుల కళేబరాల ద్వారా వీటి మూత్రపిండాలను దెబ్బతీస్తోందని 2004లో తేలింది. పశువైద్యంలో ఆ మందును భారత ప్రభుత్వం 2006లో నిషేధించింది. అమెరికాలో టర్కీ వల్చర్ అనే రాబందు ఉంది. బోడి తల, వంగిన ముక్కు, కళేబరాల మీద బతుకు. పక్కపక్కన నిలబెడితే మన రాబందుకు చుట్టమనే అంటారు. కానీ అది వేరే కుటుంబం, ఆ రూపాన్ని విడిగా సంపాదించుకున్నది. మన రాబందుల్ని చంపే మోతాదుకు వంద రెట్లకు పైగా డైక్లోఫెనాక్ ఇచ్చినా దానికి ఏమీ కాలేదని 2008లో ప్రచురితమైన పరిశోధన చెప్పింది. మరోవైపు స్టెప్పీ డేగను చూడండి. దాని తల నిండా ఈకలు, చూపులో రాబందు పోలిక తక్కువ. కానీ మన రాబందుల కుటుంబమే. రాజస్థాన్‌లో కళేబరాలు పడేసే చోట చనిపోయిన స్టెప్పీ డేగల శరీరాల్లో ఆ మందూ, మూత్రపిండాల్లో అదే రకం దెబ్బా కనిపించాయని 2014లో వెల్లడైంది. పోలినది తట్టుకుంది, పోలనిది చచ్చిపోయింది. విషం ముక్కు వంపును చూడలేదు, వంశాన్ని చూసింది. ఏ మందు ఏ పక్షి మీద పరీక్షించాలో, ఏ జాతికి ముప్పు ఎక్కువో తేల్చాలంటే ఈ జ్ఞానం కావాలి. రూపాన్ని చూసి తీర్పు చెప్పేవాళ్ళ చేతిలో రాబందుల ప్రాణాలు పెట్టలేం.

అందుకే ఈ వాదాన్ని ఏదో కాలక్షేపం చర్చగా వదిలేయకూడదంటున్నాను. 2023లో ఎన్‌సీఈఆర్‌టీ పదో తరగతి సైన్సు పుస్తకం నుంచి జీవపరిణామం పాఠం తీసేసిందని తెలిసినప్పుడు 1,800 మందికి పైగా శాస్త్రవేత్తలూ ఉపాధ్యాయులూ బహిరంగ లేఖ రాశారు. ఆ పాఠం పన్నెండో తరగతిలో ఉందనే సమాధానం చాలదు. పదో తరగతి తర్వాత జీవశాస్త్రం తీసుకోని పిల్లలు లక్షల మంది. వాళ్ళు పెద్దయ్యాక వేదిక మీద ఎవరో రెండు బొమ్మలు పక్కపక్కన చూపించి, చూశారా ఎంత పోలికో అంటే, చప్పట్లు కొట్టడం తప్ప ఏం చేయగలరు?

వాళ్ళకు నేర్పవలసినది ఒక అలవాటు. రెండు ప్రాణులు ఒకేలా కనిపించినప్పుడు ఆ భాగం దేంతో తయారైంది, ఏ పని చేస్తోంది, పక్కనున్న చుట్టాల్లో అదే భాగం ఏ రూపంలో ఉంది అని అడిగే అలవాటు. రాబందు ముక్కునూ బ్రయోజోవా ముక్కునూ ఆ ప్రశ్నలతో విప్పి చూసినవాడు ఒకే శిల్పి, ఒకే నమూనా అనే మాటకు లొంగడు. ఆ వాదాన్ని ఇంకా వినిపించదలచినవాళ్ళు కూడా ముందు దవడకూ తలుపుకూ ఉన్న తేడా ఎందుకు వచ్చిందో చెప్పాలి. పళ్ళున్న ఇక్తియోర్నిస్ ముక్కుకూ, తిండి తినే స్టెజినోపోరెల్లా పెద్ద మూతకూ తమ లెక్కలో చోటెక్కడో చూపించాలి. అది చూపించలేనంతకాలం పోలిక ఉంది కాబట్టి పరిణామం లేదు అనే మాటను సభల్లో అంగీకరించవలసిన అవసరం ఎవరికీ లేదు.